బువాసీ చెప్పని నంబరు

మా నోన్ ఖీలెక్ ఊళ్లో కోళ్లు తెల్లవారుజామున కూయడం మానేసి చాలా ఏళ్లయింది. అవి గొంతు సవరించుకునే లోపే బున్‌థాన్ మామ లౌడ్‌స్పీకర్లో దగ్గుతాడు. ఇక తమతో పనేముందని మళ్లీ కళ్లు మూసుకుంటాయి. నమ్మనివాళ్లు వచ్చి మా కోళ్లనే అడగవచ్చు. నేను ఎనిమిదో తరగతిలోనే బడి మానేశాను. అబద్ధమాడటంలో మాత్రం మాస్టర్లకే పాఠం చెప్పగలను. అవసరం వస్తే నిజం చెప్పడం కూడా వచ్చు. బున్‌థాన్ మామ సంగతి నిజంగానే చెబుతాను.

మా పక్క ప్రతి ఊళ్లోనూ ఉన్నట్టే మా ఊళ్లోనూ ఒక ఇనుప స్తంభం, దాని నెత్తిన నాలుగు మైకు గొట్టాలు, కింద ఒక చిన్న గది ఉన్నాయి. ఎరువులెప్పుడొస్తాయి, కుక్కలకు సూదులెప్పుడు, ఎవరు పోయారు, దహనం ఎన్నింటికి, ఇవన్నీ చెప్పడం గ్రామపెద్ద ప్రయూన్ పని. ఆయనకు మైకు చూస్తే నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. అందుకని ఆ పని బున్‌థాన్ మామకు అప్పజెప్పాడు. గొట్టాల్లో కందిరీగలు పెట్టే గూళ్లు తీయడం నా పని. ఒకసారి పైకెక్కినప్పుడు పిడుగు పడితే ఒంటి చేత్తో పక్క ఊరికి మళ్లించాను. పక్క ఊరివాళ్లు ఇప్పటికీ నాతో మాట్లాడరు.

ప్రకటనలు రెండు నిమిషాల్లో అయిపోయేవి. తర్వాత మామ సొంత గొడవ మొదలయ్యేది. ఊరు దానికోసమే చెవులు రిక్కించేది. ఒకరోజు ఫోన్లోని బ్యాంకు యాప్ మీద విరుచుకుపడ్డాడు. మొహం చూపించమందట, చూపించాడు. కళ్లార్పమంటే ఆర్పాడు, తల తిప్పమంటే తిప్పాడు, నోరు తెరవమంటే తెరిచాడు. అంతా చేయించుకుని, చివరికి "మీరు మీరు కారు" అందట. "మా బువాసీ కూడా ఈ మధ్య అదే అంటోంది," అన్నాడు మైకులో. "ఇద్దరు సాక్షులు ఒకే మాట చెప్పాక ఇక నాకే అనుమానంగా ఉంది. నేనెవరో తెలిసినవాళ్లు ఆఫీసుకొచ్చి చెప్పిపోండి." ఊరంతా పొలాల్లో నడుములు పట్టుకుని నవ్వింది. బువాసీ అత్తకు మతిమరుపు ముదిరి, మొగుణ్ణి చూసి ఎవరింటికొచ్చారని అడుగుతోందని అందరికీ తెలుసు. అయినా నవ్వారు. నవ్వించాలనే ఆయనా చెప్పాడు.

ఇంకోరోజు టీవీవాళ్ల వంతు. ఒక నటి విడాకుల మీద ముప్పావు గంట చర్చించి, మా పక్కన పారే చీ నది పొంగుతోందని ఒక్క ముక్కలో తేల్చేశారట. ఆ నటి మన ఊరి కాలవలో పడితే తప్ప మన వరద వార్త కాదని తేల్చాడు మామ. మరోరోజు ఎవడో పోలీసు గొంతుతో ఫోన్ చేసి, నీ పేరు మీద వచ్చిన పార్సిల్లో మత్తుమందు దొరికిందని బెదిరించాడు. మామ ఫోను తెచ్చి మైకు ముందు పెట్టి, ఊరంతా వింటోంది బాబూ, మొదట్నుంచీ చెప్పమన్నాడు. ఆ కుర్రాడు వాళ్లమ్మను తలుచుకుని భోరుమన్నాడని నేను సంతలో చెబుతుంటాను. నిజానికి ఏడవలేదు. ఏడవాల్సింది.

ఆయనకు అన్నిటికంటే ఒళ్లుమండే విషయం లాటరీ. నెలకు రెండుసార్లు, ఒకటో తారీఖున, పదహారో తారీఖున మా ఊరికి పూనకం వస్తుంది. లారీ బోల్తాపడితే డ్రైవరు బతికాడా అని అడిగేముందు నంబరు పలక చూస్తారు. అరటిచెట్టు పక్కకు గెలవేస్తే బెరడు మీద టాల్కం పౌడరు రుద్ది అంకెలు వెతుకుతారు. ఐదు కాళ్ల దూడ పుట్టినప్పుడైతే జనం తొక్కిసలాటలో తల్లావు పాలివ్వడానికి దారి లేక దూడ చచ్చిపోయింది. "దూడ కాళ్లు లెక్కపెట్టడానికి ఊరంతా వచ్చింది, పాలు పట్టడానికి ఒక్కరూ లేరు," అన్నాడు మామ ఆ పొద్దున. దానికీ నవ్వారు. కొట్టు నడిపే సంరువాయ్ అక్క అందరికంటే గట్టిగా నవ్వింది. చివరి రెండంకెలు కలిస్తే డబ్బులొచ్చే లాటరీ టికెట్లు ఊళ్లో అమ్మేది ఆమే.

వానలు ముదిరి, కాలవలు గట్లు దాటబోతున్న ఆ ఒకటో తారీఖున, తెల్లారేసరికి బువాసీ అత్త ఇంట్లో లేదు.

మామ చెప్పులు కూడా వేసుకోకుండా మైకు గదికి పరిగెత్తాడు. ఆ రోజు దగ్గలేదు. నేరుగా చెప్పాడు.

"మా బువాసీ ఇంట్లోంచి వెళ్లిపోయింది. అరవై ఏడేళ్లు. నీలం చారల లుంగీ, తెల్ల జాకెట్టు. ఇంటి నంబరు నూట పద్నాలుగు. పేరడిగితే చెప్పే స్థితిలో లేదు. ఈత రాదు. కాలవలు నిండి ఉన్నాయి. మీకు దండం పెడతాను, వెతకండి."

అంతే. చివర్లో ఒక చమత్కారం వస్తుందని ఊరు ఎదురుచూసింది. రాలేదు.

మనుషుల్ని పోగుచేద్దామని నేను సంరువాయ్ అక్క కొట్టుకు పరిగెత్తాను. అక్కడ అప్పటికే జాతరలా జనం. వెతకడానికి ఇంతమంది కదిలొచ్చారనుకుని సంబరపడ్డాను. అక్క నన్ను చూసి చెయ్యూపింది.

"అరవై ఏడు అయిపోయింది తూయ్. పద్నాలుగు ఒక్కటే ఉంది, నీకోసం తీసిపెట్టనా?"

"అక్కా, అత్త తప్పిపోయింది."

"తెలుసయ్యా," అందామె, టికెట్టు చించుతూ. "అందుకేగా ఇంత గిరాకీ."

వెతకడానికి వెళ్లింది మామ, నేను, ప్రయూన్, ప్రయూన్ కుక్క. మాలో కుక్కే కాస్త పద్ధతిగా వెతికింది. పోలీసులకు ఫోన్ చేస్తే, ముసలివాళ్లు ఆకలేస్తే వాళ్లే వస్తారు, రేపటిదాకా చూడమన్నారు. వరద ఊళ్ల వార్తలేసే ఒక టీవీ వాళ్లకు చేశాను. ఆవిడ వెళ్తున్నప్పటి వీడియో ఉందా అని ఓ అమ్మాయి అడిగింది. లేదన్నాను. పోనీ, ఆ నీళ్లలో పాము దేవుడు నాగరాజు ఏమైనా కనిపించాడా అంది. అదీ లేదన్నాను. కనిపిస్తే తప్పకుండా చెప్పమని ఎంతో మర్యాదగా పెట్టేసింది. మామూలుగా అయితే మామ ఈ ఒక్క ఫోన్‌కాల్‌తో వారం రోజులు మైకు నడిపేవాడు. ఆ రోజు గట్టు మీద ఎక్కడైనా పాదాల గుర్తుందేమో చూస్తూ ముందుకు నడిచాడు.

మధ్యాహ్నం డ్రా వేళకు ఊళ్లో పసిపిల్లలు కూడా ఏడుపాపారు. ప్రతి ఇంట్లోంచీ ఒకే రేడియో గొంతు. అది చదవడం అయ్యాక ఊరంతా ఒక్కసారే నిట్టూర్చింది. పొలాల్లో ఉన్న మాకు అది గాలివాన మొదలైనట్టు వినబడింది. చివరి రెండంకెలు అరవై ఎనిమిది.

మేము నీళ్లు తాగుదామని మైకు గది దగ్గరకొచ్చేసరికి జనం కాచుకుని ఉన్నారు. మామ పిక్కల మీద జలగలు వేలాడుతున్నాయి. ఎవరూ వాటిని చూడలేదు. సంరువాయ్ అక్క ముందుకొచ్చింది.

"మామా, అత్తకు నిండినవి అరవై ఏడు కదా. నడుస్తున్నది అరవై ఎనిమిదే కదా?"

మామ నీళ్లకుండ వైపు నడవబోయి ఆగాడు.

"మన పన్నెండేళ్ల లెక్కలో పాము సంవత్సరంలో పుట్టిన మనిషి. మీ అమ్మ ఉన్నప్పుడు మా అమ్మతో అన్నది నాకు గుర్తుంది," అంది అక్క. "మన పక్క నడుస్తున్న ఏడే కదా చెబుతాం. నువ్వెందుకు మామా, పట్నంవాళ్లలా నిండినవి చెప్పావు? ఊరంతా మునిగింది."

వెనక ఎవరో అవునన్నారు. ఇంకెవరో అత్త గుర్తింపు కార్డు చూపించమన్నారు. ప్రయూన్ సిగ్గుతో తన కుక్కను చూస్తూ నిలబడ్డాడు. బ్యాంకుకీ టీవీవాళ్లకీ దొంగపోలీసుకీ నిలబడ్డచోటే జవాబిచ్చిన మనిషి, బున్‌థాన్ మామ, పిక్క మీది జలగను పీకి పారేసి, గదిలోకి వెళ్లి, మైకు ముందు కూర్చున్నాడు.

నేనూ లోపలికెళ్లాను. మీట వేసి ఉంది. నాలుగు గొట్టాల్లోంచీ ఆయన ఊపిరి ఊరంతా వినబడుతోంది.

"మీరన్నదే నిజం," అన్నాడు చివరికి. "తప్పు చెప్పాను. అసలు అంకె నా దగ్గర లేదు, బువాసీ దగ్గరుంది. వచ్చే పదహారుది కూడా ఆమె దగ్గరే ఉంది. రాత్రి కలలో నాతో అంది. ముందుగా తనను చూసినవాళ్లకు చెబుతానంది. బతికున్న నోటితోనే చెబుతానంది. నేను చెప్పాల్సింది ఇంతే."

మీట ఆపాడు.

"నవ్వుతారంటావా తూయ్?"

"నవ్వరు మామా. విను."

బయట చెప్పుల చప్పుడు, మోటారు సైకిళ్ల కూత, పొలం బండ్ల దడదడ. ఆ పొద్దువాలే వేళ మా ఊరు ఖాళీ అయిపోయింది. మూడేళ్లుగా మాటల్లేని అత్తాకోడళ్లు ఒకే గొడుగు కింద బయల్దేరారు. మంచం పట్టిన ముసలాయన మంచంతో సహా లేచాడని చెబితే మీరు నమ్మరు గనక, మంచం వదిలేసి లేచాడని చెబుతున్నాను. తన గడప దాటడానికి కూడా బండి కావాలనే సంరువాయ్ అక్క లుంగీ ఎగదోపుకుని నీళ్లలో దిగింది.

ఆమే కనిపెట్టింది. కర్రపెండలం ఎండబోసే పాత కళ్లం వెనక తుంగమడుగులో ఎవరో అరిచారంటే నేను చిరుతపులిలా దూకాను. సరే, జారిపడ్డాను. బువాసీ అత్త నడుం లోతు నీళ్లలో, చేపల వలకు పాతిన వెదురు గుంజను రెండు చేతులా కావలించుకుని ఉంది. పెదవులు నీలంగా ఉన్నాయి. సంరువాయ్ అక్క రొమ్ముల దాకా మునిగి, అత్త నోటి దగ్గర చెవి పెట్టి నిలబడింది.

"రెండంకెలు చాలమ్మా," అంటోంది, పసిపిల్లకు చెప్పినట్టు. "మూడు వద్దు. రెండు చాలు."

"ముందు బయటికి లాగు అక్కా," అన్నాను.

"చెయ్యి పట్టుకునే ఉన్నానుగా," అంది. నిజమే, పట్టుకునే ఉంది. లాగడం మాత్రం మరిచిపోయింది.

గట్టు మీదికి తెచ్చాం. మామ వచ్చి పడ్డట్టు మోకాళ్ల మీద కూర్చుని ఆమె మొహం తుడిచాడు. అత్త అందరి మొహాలూ చూసింది. ఆయన మొహం మీద మిగతావాటికంటే ఎక్కువసేపేమీ ఆగలేదు.

"రేపటికి బియ్యం నానబోశారా?" అంది.

జనంలోంచి ఒక గొంతు, "ఎన్ని దోసిళ్లు పెద్దమ్మా?"

మామ వాళ్ల వంక తిరగలేదు. "నానబోశాను. ఇంటికి పోదాం," అన్నాడు ఆమెతో.

ఇంటి వాకిట్లో ఆయన ఆమె కాళ్లు కడుగుతుంటే జనం కంచె పట్టుకుని నిలబడ్డారు. తుంగ గీసిన గాట్లు మూడని ఒకరు, జలగ కాటుతో కలిపి నాలుగని ఒకరు. మామ చెంబు కింద పెట్టాడు. నంబరు లేదు, కల కూడా రాలేదు, ఆమె దొరకాలని అబద్ధం చెప్పాను, ఇళ్లకు వెళ్లండి అని ప్రతి మాటా విడివిడిగా చెప్పాడు. నాకు తెలిసి మా ఊళ్లో అంత స్పష్టంగా నిజం చెప్పినవాడు లేడు. ఒక్కరూ నమ్మలేదు.

"దాచుకో మామా, తప్పులేదు," అంది సంరువాయ్ అక్క, తడిబట్టల్లో వణుకుతూనే. "కాని కనిపెట్టింది నేను. నా ఒక్కదాని చెవిలో వెయ్యి."

మర్నాటి నుంచి ఆ ఇంటి ముందు ఎర్రసోడా సీసాలు, అరటిపళ్లు, పూలదండలు. దేవతకు పెట్టినట్టు పెట్టిపోతున్నారు. టాల్కం పౌడరు తెచ్చిన ఒకావిడ అత్త మోచేతికి రుద్దబోతే మామ ఆమెను మెడపట్టి గెంటాడు. జీవితంలో ఆయన ఒకరి మీద చెయ్యి చేసుకోవడం అదే మొదలు. అత్త లోపల్నుంచి తీసుకుని వెళ్లిపోతుందని గేటుకు బయటివైపు గొళ్ళెం పెట్టించాడు. బిగించింది నేనే. ఏనుగు లాగినా రాదని చెప్పాను.

పదిహేనో తారీఖు, ఎండ ఇంకా ఉండగానే, ఆయన వంటగదిలో జిగురు బియ్యం నానబోయడానికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి గేటు బార్లా తీసి ఉంది. గొళ్ళెం విరగలేదు, ఊడలేదు. ఎవరో చక్కగా పక్కకు జరిపి తీశారు.

ఆయన పరుగు చూసి నేనూ పరిగెత్తాను. వీధి మలుపు దాటాక కనిపించారు. అత్త నడిరోడ్డున, పారేసుకున్న సూది వెతుక్కుంటున్నదానిలా నేల చూసుకుంటూ, మడుగు వైపు నడుస్తోంది. ఆమెకు కాస్త వెనకగా ఐదారుగురు. చప్పుడు చేయకుండా, ఆమె ఆగితే ఆగుతూ, నడిస్తే నడుస్తూ వెళ్తున్నారు. ఒకరి చేతిలో కాగితం, పెన్సిలు. సంరువాయ్ అక్క అందరికంటే ముందుంది.

మామ వాళ్లను తోసుకుంటూ పోయి అత్త భుజం పట్టుకున్నాడు. ఆమె బెదిరి చెయ్యి విదిలించుకోబోయింది.

"పడనిస్తామా మామా," అంది అక్క, నొచ్చుకున్నట్టు. "మేమంతా వెనకే ఉన్నాంగా."

ఆయన అత్తను నడిపించుకుని ఇంటికి తెచ్చాడు. గొళ్ళెం తీసింది నువ్వా అని ఊళ్లో నన్నూ అడిగారు. నేనైతే గేటెందుకు తీస్తాను, గాల్లో ఎగిరి వెళ్లేవాణ్ణి కదా అన్నాను. ఎవరూ నవ్వలేదు. నాకూ అది బాగా రాలేదు.

పదహారు పొద్దున ప్రకటనలు లేవు. ప్రయూన్ వచ్చి, ఎరువుల సంగతైనా చెప్పిపొమ్మని బతిమాలాడు. మామ తల అడ్డంగా ఊపాడు. లుంగీ అంచు చింపి ఒక కొస అత్త మణికట్టుకీ, ఇంకో కొస తన మణికట్టుకీ కట్టుకుని ఉన్నాడు. ఆమె ఆ ముడిని వేళ్లతో మెల్లగా విప్పుతోంది. ఆయన మళ్లీ కడుతున్నాడు.

"వెనక అంతమంది నడిచార్రా తూయ్," అన్నాడు ప్రయూన్ వెళ్లాక. "వాళ్లలో ఒక్కరు, బువాసీ అని పిలిచినా ఆగేదేమో. పిలిస్తే నంబరు చెప్పదని భయం వాళ్లకు."

ఆయన లేచి, మంచం గేటుకు అడ్డంగా వేద్దామన్నాడు. ఒక చెయ్యి ఆమెకు కట్టి ఉంది గనక ఆ వైపు ఆయన ఒంటిచేత్తోనే ఎత్తాడు. రెండోవైపు నేను పట్టుకున్నాను. కంచె అవతల అప్పుడే ఎవరో ఎర్రసోడా సీసా పెట్టి, దండం పెట్టి, మా వంక చూడకుండా వెళ్లిపోయారు.