సల్లగైతే గుంజుకుంటడు

లోకంలో ఒక్కొక్కరికి ఒక్కొక్కరి మీద పగ ఉంటుంది. పాలివాళ్ల మీద, పక్కింటివాళ్ల మీద, అల్లుడి మీద. మా గజేందర్‌కు చల్లారిన తిండి మీద పగ. ఎవరి ముందున్న గిన్నెలోనైనా ఆవిరి తగ్గుతుంటే చాలు, ఆయనకు చెమటలు పడతాయి. పూర్తిగా తగ్గిందా, ఆ గిన్నె ముందు కూర్చున్నది ఎంతటివాడైనా సరే, వచ్చి గుంజుకుపోతాడు.

సిద్దిపేటలో కోమటి చెరువుకు పోయే తోవలో నాది ఫోటో స్టూడియో. నా పక్క మడిగెలో గజేందర్ రామెన్ హోటల్. కోడి బొక్కలు గంటల తరబడి ఉడికించిన చారు, అందులో పొడవాటి నూడిల్స్, పైన రెండు ముక్కలు చేసిన గుడ్డు, ఇన్ని ఉల్లికాడలు. జపాన్‌లో దీన్ని రామెన్ అంటారు. మా ఊళ్లో ‘జపాన్ సేమ్యా’ అంటారు. ఏమన్నా గజేందర్ పట్టించుకోడు, వేడిగా తింటే చాలు.

ఈ విద్య ఆయనకు మాదాపూర్‌లో అబ్బింది. అక్కడి ఒక రామెన్ హోటల్‌లో గిన్నెలు కడగడానికి చేరి, కడుగుతూ కడుగుతూ పొయ్యి దగ్గరికి జరిగి, చివరికి వంటంతా చేతిలోకి తెచ్చుకున్నాడు. అక్కడ సాఫ్ట్‌వేర్ వాళ్లు వరుసగా గోడకు మొహం పెట్టి కూర్చుంటారట. గిన్నె రాగానే తల వంచితే అడుగు కనిపించేదాకా ఎత్తరట. తిన్నవాడు లేస్తే ఆ జాగలో ఇంకొకడు కూర్చుంటాడట.

“గసుంటి గిరాకులు దొరకాలంటే పెట్టి పుట్టాలన్నా,” అని నిట్టూరుస్తాడు గజేందర్. “రామెన్ అంటే ఇట్ల పెట్టంగనే అట్ల తినాలె. ఆలిస్యమైతే నూడిల్సు ఉబ్బుతయ్. జపాన్ల గట్లనే తింటరు.”

“జపాన్ ఎప్పుడన్న పోయినవారా?” అన్నాను ఒకసారి.

“పోవాల్నా? చంద్రుని మీదికి పోతెనే పున్నమ తెలుస్తదా?”



మొదట్లో జనం వచ్చి కూర్చుని, “ఉల్లిగడ్డ, నిమ్మకాయ ఏది?” అనేవారు. తెచ్చిచ్చాడు. “ఈ పుల్లలతోని ఎట్ల తినాలె?” అంటే చెంచా ఇచ్చాడు. చెంచా వద్దని ఒక పెద్దమనిషి చెయ్యే పెట్టాడు. “పెట్టు బాపు, చెయ్యి నీదే, గిన్నె నీదే, జెల్ది తిను,” అన్నాడు. అన్నిట్లో అంత ఉదారుడు, ఆ ఒక్క విషయంలో మాత్రం పోలీసు.

సాయికిరణ్ అనే ఇంజనీరింగ్ కుర్రాడు గిన్నెకు ఆ పక్క నుంచి ఈ పక్క నుంచి ఫోటోలు తీశాడు. కుర్చీ ఎక్కి పైనుంచి కూడా తీశాడు. దిగేసరికి గిన్నె లేదు.

“అన్నా, నా రామెన్!”

“ఫోన్ల ఉన్నది గద, తిను.”

అలాగని ఆకలితో పంపుతాడా అంటే అదీ లేదు. తిట్టడం పూర్తయ్యేలోపే పొగలు కక్కే కొత్త గిన్నె తెచ్చి పెడతాడు. బిల్లు మాత్రం ఒక్కదానికే. ఇదేం యాపారంరా నాయనా అని నేను తల పట్టుకునేవాణ్ని. సాయికిరణ్ ఆ రోజే నెట్‌లో ఒక్క స్టార్ ఇచ్చి, ‘ఈయన గిన్నె గుంజుకుంటడు’ అని రాశాడు. మర్నాడు ఆ గుంజుకునే మనిషిని చూడటానికి కాలేజీలో సగం మంది వచ్చారు.

ఒకసారి రెండు కుటుంబాలు పెళ్లిచూపులు ఇక్కడే పెట్టుకున్నాయి. పిల్ల తల ఎత్తదు. పిల్లగాడు పుల్లలు పట్టుకుని ముహూర్తం కోసం చూస్తున్నట్టు కూర్చున్నాడు. గజేందర్ కాసేపు ఓపిక పట్టాడు. ఇంకాసేపు పట్టాడు. తర్వాత వెళ్లి పిల్లగాడి గిన్నె గుంజుకున్నాడు.

“ముందుగాల తిను. తర్వాత సిగ్గుపడు.”

పిల్ల ఫక్కున నవ్వింది. సంబంధం ఖాయమైంది. పెళ్లి భోజనాల్లో మాత్రం గజేందర్‌ను వడ్డన దగ్గరికి రానివ్వలేదు.

బెజ్జంకి నుంచి వచ్చి లైబ్రరీలో సర్కారు కొలువుకు చదువుకునే ఇద్దరు అమ్మాయిలు ఒక్క గిన్నె తెప్పించుకుని పంచుకుంటుంటే అదీ గుంజుకున్నాడు. “ఇద్దరు తింటే సగమయ్యేసరికి సల్లగైతది! ఎవల గిన్నె వాళ్లకే ఉండాలె. జపాన్ల గిదే రూలు,” అని అరిచి, చెరొక గిన్నె వాళ్ల ముందు పెట్టాడు. ఆడపిల్లల మీద ఆ అరుపులేంటని నేనే కోప్పడ్డాను.

ఇలా ఎంతమందిని తిట్టినా నడిచిపోయేదే. కానీ ఒకనాడు మడిగెల ఓనరు నర్సింహారెడ్డి పటేల్, కరీంనగర్ నుంచి వచ్చిన వియ్యంకుణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పటేల్ మాట మొదలుపెడితే వినేవాడికి గడ్డం పెరగాల్సిందే. తన తోటలో బోరు ఎలా పడిందో మొదటి నుంచి చెబుతున్నాడు. నీళ్లు పడేలోపే గిన్నె పోయింది.

“ఎవల గిన్నె పట్టుకున్నవ్‌రా?” అని గర్జించాడు పటేల్.

“సల్లగైన గిన్నె పటేలా.”

వియ్యంకుడు తువ్వాల అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. పటేల్ లేచి నిలబడి వేలు చూపించాడు. “ఇంకొక్క గిన్నె, ఎవని దగ్గరనైనా సరే, నువ్వు గుంజుకున్నవని తెలిసిందా, ఆ దినమే ఈ మడిగెకు తాళం!”

పటేల్ మాటకు తిరుగుండదని ఊరంతటికీ తెలుసు. మడిగె పోతే గజేందర్ మళ్లీ మాదాపూర్ వెళ్లి ఇంకొకరి పొయ్యి ముందు నిలబడాల్సిందే. ఆ మడిగె ఇప్పించింది నేను. అందుకని ఆయన్ను కూర్చోబెట్టి బతిమాలాను.

“గజేందర్, వాళ్ల పైసలు, వాళ్ల కడుపు. సల్లగ తింటే నీకేందిరా?”

“గట్లెట్ల అన్నా...”

“మడిగె గావాల్నా వద్దా?”

“గావాలె,” అన్నాడు. గుంజుకోనని వాళ్లమ్మ మీద ఒట్టేశాడు.

ఆ తర్వాత ఆయన అవస్థ చూడలేకపోయాను. చేతులు ఊరుకోవని తువ్వాలతో వెనక్కి కట్టుకునేవాడు. గిరాకులు ఫోన్ చూస్తుంటే గోడ వైపు తిరిగి నిలబడేవాడు. ఎవరి గిన్నెలోనైనా ఆవిరి తగ్గితే మా స్టూడియోలోకి వచ్చి, పాస్‌పోర్టు ఫోటోల తెర ముందు కూర్చుని కళ్లు మూసుకునేవాడు. మనిషి చిక్కిపోయాడు గానీ పట్టు మాత్రం సడలలేదు.

ఒక ఆదివారం పటేల్ స్వయంగా పరీక్ష పెట్టడానికి వచ్చాడు. నేనూ వెళ్లి పక్క బల్ల దగ్గర కూర్చున్నాను. గిన్నె రాగానే దాన్ని దూరంగా జరిపి పేపర్ విప్పాడు. మొదటి పేజీ చదివాడు. ధరల పట్టీ చదివాడు. శ్రద్ధాంజలి ప్రకటనలు కూడా చదివాడు. నూడిల్స్ చారంతా తాగేసి ఉబ్బిపోయాయి. గజేందర్ కడిగిన గ్లాసునే మళ్లీ మళ్లీ కడుగుతూ పళ్లు బిగబట్టి నిలబడ్డాడు. ఇక గట్టెక్కామని నేను దండం పెట్టుకున్నాను.

అప్పుడే వచ్చారు తండ్రీ కూతుళ్లు. ఆయన పేరు ఇస్తారి, ఊరు రాయపోల్. కూతురు సాహితి ఇక్కడ గురుకులంలో చదువుతోంది. ఎర్రటి రిబ్బన్లు, రెండు జడలు.

“ఒక్కటియ్యి తమ్మీ,” అన్నాడు ఇస్తారి. “బిడ్డ క్లాసుల ఫస్టొచ్చింది. ఏం గావాలె అంటే గిదే గావాలన్నది. టీవీ బొమ్మలల్ల చూసిందంట.”

“నీకో?”

“నేను ఇంటికాడ తినే వచ్చిన.”

గిన్నె వచ్చింది. సాహితి నోరు కాలుతుందని తండ్రి గిన్నె మీదికి వంగి ఉఫ్ ఉఫ్ అని ఊదడం మొదలుపెట్టాడు. ఊది జరుపుతాడు, ఆ పిల్ల ఒక్కసారి జుర్రుకుని, “బాపు, నువ్వు గూడ తిను,” అంటుంది. “నేను తిన్న బిడ్డా, నాకు కడుపు నిండున్నది,” అంటాడు. మళ్లీ ఊదుతాడు. నోరు ఊదుతోంది గానీ కళ్లు మాత్రం గుడ్డు మీదే ఉన్నాయి.

గజేందర్ గ్లాసు కింద పెట్టాడు. నేను వద్దు వద్దని సైగ చేశాను. గొంతు సవరించుకున్నాను. కాలు చాచి అడ్డం పెట్టాను. నా కాలు దాటుకుని వెళ్లి గిన్నె గుంజుకున్నాడు.

“ఏం మనిషివయ్యా! ఉఫ్ ఉఫ్‌మని ఊది మొత్తం సల్లగ జేసినవ్! నా ఇజ్జత్ తీసినవ్! రామెన్ మీద ఊదుతరా ఎవలన్న?”

ఇస్తారి బిత్తరపోయి లేచి నిలబడ్డాడు. “తెల్వక ఊదిన తమ్మీ, తప్పైంది...”

“తెల్వకపోతే కూసో!”

చిటికెలో రెండు గిన్నెలు తెచ్చి, ఒకటి ఆ పిల్ల ముందు, ఒకటి ఆయన ముందు ధనామని పెట్టాడు. “ఊదుడు అలవాటున్నోడు తన గిన్నెల తనే ఊదుకోవాలె! జపాన్ల గిదే రూలు. తినకుంట లేస్తే మాత్రం ఊకోను!”

పటేల్ పేపర్ మడిచాడు. గజేందర్‌ను వంటింట్లోకి లాక్కుపోయాను.

“ఏం పని చేసినవ్‌రా! పటేల్ ముంగట్నే!”

“మరేం జెయ్యాలన్నా?” అన్నాడు గొంతు తగ్గించి. “ఉత్తగ పెడత తిను అంటే తింటడా ఆయన? తినే వచ్చిన అంటడు. బిడ్డ ముంగట ఇజ్జత్ గల్ల మనిషి. తిడితే మాత్రం సప్పుడు జెయ్యకుంట తింటడు.”

గుంజుకొచ్చిన గిన్నె పొయ్యి పక్కన ఉంది. అందులోంచి ఇంకా ఆవిరి లేస్తోంది.

“ఇది సల్లగనే కాలేదు గదరా!”

“కాలేదు.”

“మరి పైసలున్నోళ్లయి ఎందుకు గుంజుకుంటవ్?”

“గుంజుకుంటెనే గదన్నా ఇది రూలయ్యేది! లేనోళ్లయే గుంజుకుంటే వాళ్లకు తెలువదా?”

“అంటే ఆనాడు పటేల్‌ది గూడ...”

“ఛఛ! పటేల్‌ది నిజంగనే సల్లగైంది. ముద్దలు గట్టింది.”

వెనక దగ్గు వినిపించింది. పటేల్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచో తెలియదు. లోపలికి వచ్చి, పొయ్యి పక్కనున్న గిన్నెలో వేలు ముంచాడు. చురుక్కుమని వేలు నోట్లో పెట్టుకున్నాడు. గుమ్మంలోంచి బయటికి చూశాడు. ఇస్తారి తన గిన్నె మీద తను ఊదుకుంటూ గబగబా తింటున్నాడు. ఆ పిల్ల బాపును చూసి కిలకిలా నవ్వుతోంది. పటేల్ తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. తాళం తెప్పిస్తాడేమోనని నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

బల్ల మీద దబదబా చప్పుడైంది.

“ఓ గజేందర్! గీడ నా గిన్నె ఎప్పుడో సల్లగై ముద్దలు గట్టింది, నీకు కండ్లు కనవడ్తలేవా? నాది గుంజుకోవా? నేను మనిషిని గాదా?”

గజేందర్ ఎలా పరుగెత్తాడో చెప్పలేను. ఇన్నాళ్లూ బిగబట్టిన తిట్లన్నీ ఒక్కసారి బయటికొచ్చాయి. పేపర్ చదివేటోళ్లు హోటల్‌కు ఎందుకు రావాలన్నాడు, గంత పెద్దమనిషికి తిండి తినుడు గూడ తెల్వదా అన్నాడు. ఊళ్లో ఎవరి చేతా మాట పడని పటేల్ తల వంచుకుని అన్నీ పడుతూ, కొత్త గిన్నె కోసం అంగీ చేతులు పైకి మడుచుకున్నాడు.