నందివర్ధనం మీద వేసిన నింద

పోయిన ఆదివారం మా అమ్మాయి గుణదలలో మేముంటున్న వాటా ముందు కుండీలో నందివర్ధనం మొక్క నాటింది. ఆ తెల్లపూలు గాలికి కదులుతుంటే గుమ్మంలో నిలబడలేక లోపలికి వచ్చేశాను. ఇరవై ఏళ్ళ క్రితం మా ఉయ్యూరు ఇంటి పెరట్లో అలాంటి చెట్టునే మా అమ్మ తన చేతులతో నరికేసింది, దానికి కారణం నేను. చుట్టాలందరూ ఇప్పటికీ మరోలా అనుకుంటున్నారు గనక, ఆలస్యంగానైనా నిజం చెప్పాలని ఇది రాస్తున్నాను.

అమ్మాయికి నాలుగో ఏట మోకాలు వాచింది. కీళ్ళవాతం పెద్దవాళ్ళకే వస్తుందనుకునే మాకు, అది పసిపిల్లలకూ వస్తుందని బెజవాడ డాక్టరుగారు చెబితే నమ్మడానికే కొన్నాళ్ళు పట్టింది. ఆయన ఇంకో మాట కూడా చెప్పారు. ఈ జబ్బున్న పిల్లలకు కంటి లోపల వాపు రావచ్చు, కన్ను ఎర్రబడదు, నొప్పీ ఉండకపోవచ్చు, అందుకని మూడు నెలలకొకసారి కంటి డాక్టరుకు చూపించి తీరాలని. మన ఇళ్ళలో కంటిజబ్బంటే కళ్ళకలకే కదా, ఎర్రబడాలి, పుసి కట్టాలి. తెల్లగా ఉన్న కంటికి జబ్బేమిటన్న అనుమానం నాలో అలాగే ఉండిపోయింది.

రెండుసార్లు తీసుకెళ్ళాను. ఈలోగా మోకాలి వాపు తగ్గింది, చెరకు సీజను వచ్చింది. ఫ్యాక్టరీ కాటా దగ్గర గుమాస్తాను, రోడ్డు పొడవునా చెరకు బళ్ళు ఆగి ఉంటే సెలవు అడగడానికి నోరు రాలేదు. "ఏవండీ, కంటి పరీక్ష తేదీ దాటిపోయింది" అని మా ఆవిడ గుర్తు చేసినప్పుడల్లా, "మల్లెపువ్వులా ఉందే కన్ను, దానికి పరీక్షేంటి, పనిలేకపోతే సరి" అని కొట్టిపారేసేవాణ్ణి. సీజను అయిపోయాక కూడా వెళ్ళలేదు. అలా ఏడాది గడిచింది.

ఎండలో ఆడి వచ్చిన మనవరాలిని ఒళ్ళో పడుకోబెట్టుకుని, మూసిన రెప్పల మీద చల్లదనానికి రెండు నందివర్ధనం పూలు పెట్టడం మా అమ్మకు అలవాటు. రసం పిండి కంట్లో వేయడం ఏనాడూ లేదు. ఒకరోజు కుడి కంటి మీద పువ్వు అలాగే ఉంచుకుని ఎడమ కన్ను తెరిచిన పిల్ల, "నానమ్మా, నువ్వు పొగలో ఉన్నావేంటి?" అంది. అమ్మ ఇంకేం అడగకుండా నన్నూ పిల్లనూ అప్పటికప్పుడు బెజవాడ బస్సెక్కించింది.

ఎడమ కంట్లో వాపు ముదిరి కంటిపాప గుండ్రదనం పోయిందనీ, శుక్లం మొదలైందనీ, కుడి కంటికి ఇప్పుడిప్పుడే వస్తోంది గనక దాన్ని కాపాడుకోవచ్చనీ డాక్టరమ్మ చెప్పారు. "ఆఖరిసారి ఎప్పుడు చూపించారండీ?" అని అడిగారు. "మా అమ్మ ఏదో పూలరసం పిండిందండీ" అన్నాను. దానివల్ల ఇలా కాదని ఆవిడ స్పష్టంగానే చెప్పారు. ఆవిడ మాట అక్కడే వదిలేసి నా అబద్ధాన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నాను.

"ముసలావిడ నాటువైద్యం పిల్ల కంటి మీదికి తెచ్చింది" అని మా వదిన అందరి ముందూ అంది. అమ్మ నా వంక ఒక్కసారి చూసింది. నేను తల దించుకున్నాను. మర్నాడే ఆ చెట్టు నరికేసింది. ఆ తర్వాత పిల్ల ముఖం తాకాలన్నా, చేతులు కొంగుకు తుడుచుకుని గాని తాకేది కాదు.

గంటగంటకూ చుక్కలు, వారానికోసారి మందు, తర్వాత ఆపరేషను, దేనికీ మళ్ళీ తేదీ తప్పలేదు. అయినా ఎడమ కంటికి మసకే మిగిలింది. అమ్మ పోయి మూడేళ్ళయింది.

మొక్క నాటిన రోజే అమ్మాయికి అంతా చెప్పాను. చేతుల మట్టి దులుపుకుంటూ, "నాకు గుర్తుంది నాన్నా. నానమ్మ పూలు పెట్టేది, అంతే" అంది. ఇన్నేళ్ళూ తనకు తెలుసు.

ఇప్పుడు పరీక్ష తేదీ వస్తే తన ఫోనే మోగుతుంది. ఆ రోజుల్లో గుర్తు చేసే మనుషులు ఇంట్లోనే ఉండేవాళ్ళు, నేనే వినలేదు. ఆనాడు కుడి కంటిని పువ్వు మూసి ఉంచబట్టే ఎడమ కంటి మసక బయటపడింది. మా అమ్మాయి ఈనాడు కుడి కంటితో లోకాన్ని చూస్తోందంటే, అది ఆ పూల చలవే. ఈ మాట అమ్మ ఉండగా అనలేకపోయాను.