బీరువాలో తీరిన గడువు

జీవితమంతా బస్సులలో టిక్కెట్లు తనిఖీ చేసిన మనిషికి, లోకమంతా టిక్కెట్టు కొనకుండానే ప్రయాణం చేస్తున్నట్లు తోచడంలో వింత లేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆ ఇన్‌స్పెక్టరును తోటివారు ‘డేగకన్ను’ అని పిలిచారు. పదవీ విరమణ తరువాత ఆ చూపు ఇంటిమీద పడింది. పాలగిన్నె మూత కాస్త పక్కకు జరిగినా ఆయన విచారణకు కూర్చునేవాడు. భగవంతుణ్ణి తలచుకుని కన్నులు మూసుకున్నప్పుడు సైతం ఒక రెప్ప పూర్తిగా వాలేది కాదు.

అటువంటి ఇంటికి అల్లుడు వచ్చి చేరాడు. పనిచేస్తున్న అచ్చాఫీసు మూతపడడంతో, మరో కొలువు కుదిరేవరకు కూతురూ అల్లుడూ వెనక గదిలో ఉంటున్నారు. అల్లుడు పొద్దున్నే ఫోను ముందేసుకుని గొణుక్కోవడమూ, మామగారి అడుగుల చప్పుడు వినగానే దానిని బోర్లించడమూ ఆయన కంటబడ్డాయి.

“ఏమిటల్లుడుగారూ, అంత దాచుకునే సరుకు?”

“దాపరికమేముంది మామయ్యగారూ? ఆప్షన్లు.”

“అంటే జూదమేగా!”

“ఒక షేరు ధర పెరుగుతుందని నా అంచనా. షేర్లే కొనే స్తోమత లేదు. అందుకని ఫలానా గడువులోగా ఫలానా ధరకు కొనే హక్కు మాత్రం కొన్నాను. దానికి కట్టిన రుసుమే ప్రీమియం. షేరు ఆ ధర దాటి బాగా పెరిగితే హక్కునే లాభానికి అమ్ముకోవచ్చు. పెరగలేదా, వదిలేస్తాను. పోయేది ప్రీమియం, అంతే.”

“మరి నీకు ఆ హక్కు అమ్మినవాడు వెర్రివాడా?”

“వాడికి ప్రీమియం ముడుతుంది. కానీ షేరు ఆకాశాన్నంటినా ఒప్పుకున్న ధరకే ఇవ్వాలి. వాడి నష్టానికి హద్దు లేదు. అందుకే నేను వాడిలా హక్కులు రాసిచ్చి అమ్మే జోలికి పోలేదు. ఇంకో సంగతండీ, షేరు ఉన్నచోటే ఉన్నా, గడువు దగ్గరపడేకొద్దీ హక్కు విలువ కరిగిపోతుంటుంది.”

‘అంతే’ అన్న మాట మామగారికి ముల్లులా గుచ్చుకుంది. పోయేది ఇంతే అన్నవాడు ఇప్పటికి ఎంత పోగొట్టి ఉంటాడు? ఎవరి దగ్గర ఎంత తెచ్చి ఉంటాడు? అప్పు చేసినట్టు తేలితే అల్లుణ్ణి ఆ క్షణమే బయటికి పంపాలని ఆయన నిశ్చయించుకున్నాడు.

తనిఖీలో ఆయనకొక పద్ధతి ఉండేది. అనుమానం కలిగిన టిక్కెట్టును మొదట స్వాధీనం చేసుకోవాలి, వాదనలు తరువాత. అల్లుడు స్నానానికి వెళ్లిన అదను చూసి ఫోను తీసి బీరువాలో పెట్టి, తాళంచెవి మొలలో దోపుకున్నాడు.

అల్లుడు తడి తలతోనే పరుగెత్తుకొచ్చాడు. “మామయ్యగారూ, ఇవాళే గడువు! ధర పైకి పోయిందని టీవీలో చెబుతున్నారు. నా హక్కును ఇప్పుడే అమ్ముకోవాలి. నా ఖాతా ఆ ఫోనులోనే తెరుచుకుంటుంది!”

“టిక్కెట్టు లేనివాళ్లందరికీ దిగే స్టాపు రాగానే తొందరే.”

కూతురు గుమ్మంలోకి వచ్చింది. “నాన్నా, ఆయన దొంగని తేలిస్తే నేనూ ఆయన వెంటే వెళ్లిపోతాను. ముందు తాళం తియ్యి.”

“విచారణ కానీ.”

విచారణ మధ్యాహ్నమంతా సాగింది. చివరకు తాళం తీసేసరికి మార్కెట్టు మూసేశారు. ధర ఒప్పుకున్న దానికన్నా దిగువకు జారిపోయింది, హక్కు చెల్లకుండా పోయింది. డేగకన్ను ఖాతాను అటునుంచి ఇటు, ఇటునుంచి అటు శోధించాడు. అప్పు లేదు, హద్దు లేని నష్టం తెచ్చే అమ్మకమూ లేదు. పోయింది ఆ ఒక్క ప్రీమియమే. అల్లుడు చెప్పింది చెప్పినట్లే ఉంది.

వెనక గదిలో కూతురు సంచిలో బట్టలు కుక్కుతున్నది.

“సర్దకమ్మా,” అన్నాడాయన. “ఆ నష్టం నా చేతిమీదుగా జరిగింది. మీరెక్కడికీ వెళ్లొద్దు.”

అల్లుడు నెమ్మదిగా అడిగాడు. “అయితే నన్ను నమ్మినట్టేనా మామయ్యగారూ?”

ఆయన చేతిలోని తాళంచెవిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“నిన్ను నమ్మాననే అనుకో. కానీ నీకు ఆ హక్కు అమ్మినవాడున్నాడే, ఇవాళ ఫోను బీరువాలో ఉంటుందని వాడికెలా తెలిసిందంటావు?”

కూతురు చేతిలోని చీర మంచంమీద పడేసి ఫక్కున నవ్వింది. ఆయన మాత్రం నవ్వలేదు.