ఒక చేతికి అలవాటుపడ్డ పాళీ

నా చిన్నప్పుడు మా అమ్మమ్మ ఇంట్లో ఏ వస్తువైనా ఎవరైనా ముట్టుకోవచ్చు గానీ, కలం మాత్రం ముట్టుకోకూడదు. అదేమీ ఫౌంటెన్ పెన్ను కాదు. జానెడు కర్ర, దాని చివర రేకు పట్టీలో దూర్చిన ఉక్కు పాళీ, అంతే. సిరాబుడ్డిలో ముంచి నాలుగు మాటలు రాస్తే మళ్ళీ ముంచాలి. ఏలూరులో చెక్కపని చేసే ఒక సాయిబుగారు ఆ కర్రను చిత్రిక పట్టి ఇచ్చారట. పట్టుకోగా పట్టుకోగా అమ్మమ్మ చూపుడువేలు ఆనేచోట చిన్న గుంట పడింది. అక్కడ మాత్రం కర్ర నల్లగా, నున్నగా మెరిసేది.

మాది కొల్లేటి ఒడ్డున చిన్న ఊరు. వానాకాలంలో ఇంటి వెనక దాకా నీళ్ళు వచ్చేవి కాబట్టి ఆవిడ కలాన్ని వెదురు గొట్టంలో పెట్టి చూరులో దోపేది. కొత్త పాళీ కొంటే దీపం సెగకు ఒక్క క్షణం చూపించి, చల్లారాక గుడ్డతో తుడిచి, అప్పుడు సిరాలో ముంచేది. అలా చేయకపోతే సిరా పాళీకి అంటకుండా బొట్టుగా జారిపోతుంది. సిరా బిళ్ళను నీళ్ళలో కలిపి సిరా కూడా తనే తయారుచేసుకునేది. ముదినేపల్లిలో ఉన్న తన అన్నగారికి కార్డు రాయాలన్నా, విత్తనాల వడ్ల బస్తాల్లో అక్కుళ్ళు, కృష్ణకాటుకలు అని రకం పేరుతో చీటీలు పెట్టాలన్నా ఆ కలమే. నేను అడిగితే మాత్రం పెన్సిలు ముక్క చేతిలో పెట్టేది. "పాళీ ఒక చేతికి అలవాటు పడుద్దే అమ్మడూ. ఇంకో చెయ్యి పడితే అలుగుద్ది" అనేది.

ఆవిడకు చిన్నప్పుడు ఎవరూ చదువు చెప్పలేదు. మా అమ్మ ఆడపిల్లల బడికి వెళ్ళి వచ్చి, ఆ రోజు నేర్చుకున్న అక్షరాలన్నీ సాయంత్రం పొయ్యి ముందు కూర్చుని తన తల్లికి నేర్పేదట. బూడిదలో వేలితో మొదలుపెట్టి, పలకకు వచ్చి, చివరికి కలం పట్టారు. అప్పటికి ఆవిడకు ముప్పై దాటాయి. కూతురే తల్లికి గురువన్నమాట.

ఇప్పుడు చెప్పబోయే సంగతి తలచుకుంటే నాకు ఈ వయసులోనూ ఒళ్ళు మండుతుంది. కాలం గడిస్తే కోపాలు చల్లారతాయని అందరూ అంటారు. నాది చల్లారలేదు. చల్లారాలని నేను కోరుకోనూ లేదు.

అమ్మమ్మకు ఆవిడ నాన్నగారు పెళ్ళిలో పసుపు కుంకుమల కింద ఇచ్చిన పొలం ఒకటుంది. కాలవ పక్క మంచి వరి పొలం. తాతయ్య పోయాక దాన్ని మా అమ్మ పేర రాయాలని ఆవిడ అనుకుంది. ఇది తాతయ్య తమ్ముడికి, అంటే మా చిన్నతాతకి, ససేమిరా ఇష్టం లేదు. ఆ పొలం తమ ఇంటిదేననీ, ఆడపిల్ల పేర పెడితే కోర్టుకు లాగుతాననీ అరుగుల మీద కూర్చుని ఊరందరికీ వినబడేలా చెప్పేవాడు. వదినకు ఏమీ తెలియదనీ, ఎవరో మాయమాటలు చెప్పి వేలు వేయించుకున్నారని కోర్టులో చెబుతాననీ ముందే చాటింపు వేసుకున్నాడు. అందుకే అమ్మమ్మ ఒక్కటే పట్టు పట్టింది. దస్తావేజు తను చదువుకుని, తన పేరు తనే రాస్తుంది. వేలిముద్ర వేసిందా, చిన్నతాత చేతికి తాడు ఇచ్చినట్టే.

అమ్మ అప్పటికి నిండు చూలాలు కావడంతో అమ్మమ్మ తోడుకు నన్ను తీసుకెళ్ళింది. సాక్షి సంతకానికి పక్కింటి మావయ్య వచ్చాడు. తెల్లవారుతూనే తాటిదోనెలో కొల్లేరు దాటి, రోడ్డెక్కి, బస్సులో ఏలూరు చేరాం. బయలుదేరే ముందు అమ్మమ్మ తలకు ఆముదం పట్టించి, నున్నగా దువ్వి ముడి వేసుకుంది. ఊరికి వెళ్ళేటప్పుడు ఎప్పుడూ అలాగే చేసేది. కలం ఉన్న వెదురు గొట్టాన్ని గుడ్డలో చుట్టి రొండిన దోపుకుంది.

రిజిస్ట్రారు ఆఫీసు వరండాలో చాప మీద, వాలుగా ఉన్న రాతబల్ల ముందు దస్తావేజు లేఖరి కూర్చుని ఉన్నాడు. అతని చొక్కా జేబుకు బంగారు పాళీ ఉన్న ఫౌంటెన్ పెన్ను. రాసినంతసేపూ బుడ్డిలో ముంచే మామూలు కలంతోనే రాశాడు గానీ, మధ్యమధ్యలో చేత్తో ఆ జేబు తడుముకుంటూనే ఉన్నాడు. పక్కింటి మావయ్యను "రండి, ఇలా కూర్చోండి" అని చాప జరిపాడు. అమ్మమ్మ స్తంభం పక్కన నిలబడే ఉంది. ఆవిడను కూర్చోమని అనలేదు. పొలం ఆవిడది, రాసేది ఆవిడ దస్తావేజు, చాప మాత్రం సాక్షికి. నాకు అక్కడే కడుపు మండింది.

రాయడం పూర్తయ్యాక అతను తల ఎత్తకుండానే "ఏవమ్మా, ఇలా వచ్చి వేలివ్వు" అన్నాడు.

"సంతకం పెడతానండీ పంతులుగారూ" అని అమ్మమ్మ గొట్టంలోంచి కలం తీసింది.

అతను ఆ కలాన్ని చూసి నవ్వాడు. స్టాంపు కాగితం మీద ఆ పాళీ గీసుకుపోతుందట. సిరా చిందితే కాగితం పాడవుతుందట. పోనీ మీ పెన్ను ఒకసారి ఇవ్వండి అని అమ్మమ్మ అడిగితే, జేబు మీద చెయ్యి వేసుకుని, అది తన చేతికి అలవాటుపడ్డ పాళీ అనీ, ఇంకొకరు పట్టుకుంటే వంకరపోతుందనీ చెప్పాడు.

ఆ మాట అమ్మమ్మకు అర్థమైంది. అచ్చం తను నాతో అనే మాటే అది. తల ఊపింది. తన కలం మీద తనకు అంత పట్టింపు ఉన్న మనిషి, ఎదుటివాడి పట్టింపును కాదనలేకపోయింది. కాస్త ఆగి ఇంకో దారి ఏదైనా అడుగుదామనుకుందేమో. ఈలోగా లేఖరి సాక్షి సంతకం తీసుకుందామని పక్కింటి మావయ్య వైపు తిరిగాడు. తిరిగి, జేబులోంచి ఆ బంగారు పాళీ పెన్ను తీసి, మూత విప్పి, రెండు చేతులా ఆయనకు అందించాడు.

మావయ్య ఎంతో మంచివాడు గానీ, ఆయనకు రాత రాదు. వీధిబడిలో మూణ్ణాళ్ళు కూర్చున్నాడు. తన పేరును అక్షరాలుగా కాకుండా బొమ్మలా గుర్తుపెట్టుకుని గీసేవాడు. ఆ పెన్నును నాగలి మేడి పట్టినట్టు పిడికిట పట్టి, కాగితం మీద ఆనించి, బలంగా నొక్కి గీశాడు. పాళీ రెండు పాయలూ విచ్చుకోవడం నేను కళ్ళారా చూశాను. లేఖరి మాత్రం చిరునవ్వుతో "మెల్లిగా కానివ్వండి, తొందరేం లేదు" అన్నాడు.

అలవాటుపడ్డ పాళీ అంటే అదన్నమాట. మగవాడి పిడికిట్లో వంకరపోని పాళీ, మా అమ్మమ్మ వేళ్ళ మధ్య వంకరపోతుంది. ఇంక నేను ఆగలేకపోయాను. "మా అమ్మమ్మకి రాయడం వచ్చండీ, మావయ్యకంటే బాగా వచ్చు" అని గట్టిగా అన్నాను. వరండాలో ఉన్నవాళ్ళంతా మా వైపు తిరిగారు. మావయ్య మొహం చిన్నబోయింది. లేఖరి కళ్ళెర్రచేసి పిల్లను అవతల కూర్చోబెట్టమన్నాడు. అమ్మమ్మ నా మణికట్టు పట్టుకుని నొక్కింది. అరుపు లేదు, చిరాకు లేదు. ఆ పట్టు మాత్రం ఎంత గట్టిగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తే. ఆవిడకు నాకంటే ఎక్కువ కోపం వచ్చిందని ఆ పట్టుతోనే తెలిసింది.

తరవాత ఆవిడ తల ముడి సర్దుకుని, ఎంతో వినయంగా "అలాగేనండి, వేలే తీసుకోండి" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చింది ఇందుకా అనిపించింది. లేఖరి ఆవిడ బొటనవేలిని సిరా మెత్త మీద దొర్లించి, స్టాంపు కాగితం పాడుచేసుకోవడం ఇష్టం లేక ముందు ఒక చిత్తు కాగితం మీద వేయించి చూశాడు. గీతలు లేవు. మసి అంటినట్టు ఒక మచ్చ పడింది. గుడ్డతో ఆవిడ వేలు తుడిచి మళ్ళీ వేయించాడు. అమ్మమ్మ ఈలోగా మళ్ళీ ముడి సర్దుకుంది. మళ్ళీ మచ్చే. మెత్తకు సిరా చాలలేదేమోనని ఇంకాస్త పోశాడు. ఆవిడ చెవి వెనక వెంట్రుకలు పైకి తోసుకుని వేలు అందించింది. ఈసారి మచ్చ ఇంకా పెద్దదైంది. పొలం పనులు చేసిన వేళ్ళు అరిగిపోయాయని అతను విసుక్కున్నాడు. "అవునండి, ఏం చేస్తాం" అని ఆవిడ ఒప్పుకుంది.

ఎప్పుడూ తల సర్దుకోని మనిషి ఇవాళ ఇన్నిసార్లు ఎందుకు సర్దుకుంటోందా అని నేను వింతపడ్డాను. ఆముదం సంగతి నా బుర్రకు తట్టలేదు. అతని బుర్రకూ తట్టలేదు.

లోపలినుంచి బంట్రోతు వచ్చి, రిజిస్ట్రారు గారు లేచే వేళవుతోంది, ఉన్న దస్తావేజులు పట్టుకురమ్మని కేకేశాడు. లేఖరికి చెమట పట్టింది. చివరికి జేబులోంచి పెన్ను తీసి, మొహం అటు తిప్పుకుని, "సరే, సంతకమే పెట్టు. ఇదిగో" అని అందించాడు.

అమ్మమ్మ దాన్ని అందుకోలేదు.

"వద్దండి పంతులుగారూ. అది మీ చేతికి అలవాటుపడ్డ పాళీ కదండీ, నా చేతిలో వంకరపోద్ది. మీ బుడ్డిలో సిరా మాత్రం ఇప్పించండి. ఆ కాగితం కూడా ఒకసారి ఇటు ఇవ్వండి, చదవకుండా ఎలా పెడతానండీ" అంది.

దస్తావేజు అందుకుని, చాప మీద కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు, తనే కూర్చుంది. వేలు తగలకుండా కాగితం అంచులు పట్టుకుని మొదటి అక్షరం నుంచి పైకే చదివింది. ఎల్లలు చదివింది, కాలవ పేరు చదివింది, కూతురి పేరు వచ్చినచోట ఒక్క క్షణం ఆగి మళ్ళీ చదివింది. ఆవిడ చదువు ఎప్పుడూ నెమ్మదే గానీ, ఆ రోజు చదివినంత నెమ్మదిగా ఎన్నడూ చదవలేదు. బంట్రోతు రెండోసారి కేకేసినా తల ఎత్తలేదు. లేఖరి ఆ కాసేపూ నోరు మూసుకుని కూర్చోవాల్సి వచ్చింది. అది చూసి నా కడుపు మంట కొంచెం తగ్గిందని దాచుకోకుండా చెబుతున్నాను.

చదవడం అయ్యాక చేతులు కొంగుకు తుడుచుకుని, తన కలాన్ని అతని సిరాబుడ్డిలో ముంచి, అంచుకు ఆనించి అదనపు సిరా వదిలించి, ఇంటిపేరుతో సహా తన పేరు రాసింది. చిందలేదు. కాగితం గీసుకుపోలేదు. గుండ్రటి అక్షరాలు, మా అమ్మ బడిలో నేర్చుకుని వచ్చినవి, వరసగా నిలబడ్డాయి.

కథ అక్కడితో ఆగలేదు. సంతకం వచ్చినా రాకపోయినా రిజిస్ట్రారు గారి ముందు వేలిముద్రల పుస్తకంలో అందరూ వేలు వేయాల్సిందే. అది అందరికీ ఒకటే కాబట్టి దాని మీద అమ్మమ్మకు పేచీ లేదు. లోపలికి వెళ్ళబోతూ వరండా గోడకున్న సున్నం మీద బొటనవేలిని గట్టిగా రుద్దుకుంది. వేలు తెల్లగా అయ్యేదాకా రుద్ది, కొంగుతో తుడుచుకుని వెళ్ళి పుస్తకంలో వేసింది. చక్రంలాగ ప్రతి గీతా విడివిడిగా పడింది. లేఖరి పక్కనే నిలబడి ఆ ముద్రను చూశాడు, ఆవిడ తల ముడిని చూశాడు, గోడ మీద రుద్దిన మరకను చూశాడు. అతని మొహంలోకి నెత్తురు ఎక్కింది. తన రాతబల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. అడిగితే తను మావయ్యకు ఇచ్చిన పెన్ను సంగతి కూడా మాట్లాడాలి కదా.

తిరిగి వచ్చేటప్పుడు దోనెలో నేను కోపంతో ఉడికిపోతూనే ఉన్నాను. అతన్ని నాలుగు మాటలు కడిగేసి రావాల్సిందని అన్నాను. అమ్మమ్మ తన తలలో వేళ్ళు పెట్టి, జిడ్డు వేలిని నా చెంపకు రాసింది. అప్పుడు అర్థమైంది నాకు. "నాకూ అరవాలనే ఉందే అమ్మడూ. అరిస్తే ఆయన మన్ని గెంటేసి సుఖంగా ఇంటికెళ్ళి భోంచేసేవాడు. పని కాకుండా మన కోపం ఎవడికి కావాలి?" అంది. నవ్వుతూ అనలేదు. ఆవిడ దవడలు ఇంకా బిగిసే ఉన్నాయి. ఆ తరవాత పక్కింటి మావయ్య వైపు తిరిగి, పిల్ల తొందరపడి అన్న మాట మనసులో పెట్టుకోవద్దని చెప్పింది. ఇంటికి వచ్చి అక్షరాలు నేర్చుకోమని కూడా పిలిచింది. ఆయన సిగ్గుపడ్డాడు గానీ వచ్చాడు.

చిన్నతాత ఏలూరులో ప్లీడరు దగ్గరికి వెళ్ళాడు. ప్లీడరు దస్తావేజు నకలు తెప్పించి చూసి, ఆవిడ చదువుకుని సొంత చేత్తో సంతకం పెట్టిందనీ, ఇంక ఇందులో చేసేదేమీ లేదనీ చెప్పి పంపేశాడట. ఆ పొలం మా అమ్మకు నిలిచింది. నన్ను హైస్కూలుకు పంపింది, ట్రైనింగుకు పంపింది ఆ పొలమే. నేను పంతులమ్మనయ్యాను.

అమ్మమ్మ కలం ఇప్పుడు నా దగ్గరే ఉంది. కర్ర మీది ఆ గుంట నా వేలికి సరిపోదు. అందుకే దాంతో నేను రాయను, అప్పుడప్పుడు తీసి తుడిచి పెడతాను. నా పెన్ను నాకు వేరే ఉంది. దాన్ని నేనూ ఎవరికీ ఇవ్వను, ఆడవాళ్ళకీ ఇవ్వను, మగవాళ్ళకీ ఇవ్వను.

పింఛను కోసం బ్యాంకుకు వెళ్తే, అక్కడ పెన్నును పురికొసతో బల్లకు కట్టి ఉంచుతారు. కౌంటరు దగ్గర కుర్రాడు నా తెల్లజుట్టు చూసి, ఏమీ అడక్కుండానే "మామ్మగారూ, ఇక్కడ వేలెయ్యండి" అని సిరా మెత్త నా ముందుకు తోస్తాడు. అప్పుడు నాకు ఒళ్ళు మండుతుంది, ఆ రోజు వరండాలో మండినట్టే మండుతుంది. నేను అరవను. కాగితం అందుకుని, వెనక వరసలో ఎంతమంది విసుక్కున్నా, మొదటి అక్షరం నుంచి చదువుతాను. చదివి, సంచిలోంచి నా పెన్ను తీసి, ఇంటిపేరుతో సహా సంతకం పెడతాను.

బ్యాంకుకు వెళ్ళే రోజున తలకు ఆముదం పట్టించుకోవడం మాత్రం మానను.