కారం జారులో కాఫీ గింజలు

ఫిబ్రవరి, మూడో ఆదివారం, సాయంత్రం. ఉన్నవాళ్లు: నేను, నా భార్య, ఆమె చెల్లెలు, చెల్లెలి భర్త.

ఆ రోజు డైరీలో ఇంతే రాసి కలం మూసేశాను. మిగతాది తర్వాత నింపుదామనుకున్నాను కానీ ఓపిక లేకపోయింది. ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ నా పద్ధతి ఇదే. ముందు తేదీ, తర్వాత ఎవరెవరు ఉన్నారు, ఆపైనే జరిగిన సంగతి. భూసార పరీక్ష కేంద్రంలో పనిచేసినవాణ్ణి. సంచి మీద ఊరూ పొలమూ రాసి లేకపోతే లోపలున్న మట్టి ఎంత మంచిదైనా పారబోయాల్సిందే.

అసలు సంగతి వానాకాలంలో మొదలైంది. ఇంట్లో ఇద్దరికీ జ్వరం వచ్చింది. నాది మామూలుగానే తగ్గింది. ఆమెది పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. జలుబు వదిలితే అదే వస్తుందిలే అనుకున్నాం. ఒక రోజు నేను బజారు నుంచి వచ్చేసరికి వీధి గుమ్మం దాకా మాడు కంపు. ఆమె పొయ్యికి వీపు పెట్టి కూర్చుని బెండకాయలు తరుగుతోంది. వెనక పాలగిన్నె నల్లగా మాడిపోయి ఉంది. నేను పొయ్యి కట్టేశాక గిన్నె వంకా నా వంకా చూసి, "నా వంటింట్లో నేనే పరాయిదాన్ని అయిపోయానండీ" అంది.

ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. వాసన రావచ్చు, రాకపోవచ్చు అన్నాడాయన. వచ్చేటప్పుడు కూడా తిన్నగా రాకపోవచ్చు, మంచి వాసన బదులు ఏదో పాడు కంపు తగలొచ్చు, అలా తగిలితే భయపడకండి, నరం మేలుకుంటోందని అర్థం అన్నాడు. రోజూ రెండు పూటలా ఘాటైన వాసనలు పీల్చి అలవాటు చేయమన్నాడు. నిమ్మ తొక్క, లవంగం, నీలగిరి తైలం తలా ఒక సీసాలో పెట్టి, చీటీలు అంటించాను. పొద్దునా సాయంత్రం ఎదురుగా కూర్చునేవాణ్ణి.

"తెలిసిందా?"

"లేదు."

వానలు పోయి చలి వచ్చింది. అదే ప్రశ్న, అదే జవాబు. ఒక సాయంత్రం ఆమె సీసాలకు తనే మూతలు బిగించింది. "ఇక అడక్కండి. మీరు అడిగినప్పుడల్లా తప్పిన పరీక్షే మళ్లీ రాస్తున్నట్టుంది." సరే, అడగనని మాటిచ్చాను. నిజం చెప్పాలంటే నాక్కూడా అడిగే ఓపిక అయిపోయింది. ఆ యేడు పండుమిరపకాయల బండి వీధిలోకి వచ్చినప్పుడు ఆమె గుమ్మం దాకా కూడా రాలేదు. వాసన తెలియనిదాన్ని పచ్చడి ఏం కలుపుతానంది. పెళ్లయ్యాక మా ఇంట్లో పచ్చడి పెట్టని యేడు అదొక్కటే.

కాఫీ ఆలోచన అప్పుడు పుట్టింది. ఆమెది పొదిలి. పుట్టింట్లో పొద్దున్నే గింజలు వేయించి చేతిమరలో ఆడేవారట. "అమ్మ లేపేది కాదు, ఆ వాసనే లేపేది" అని వందసార్లు చెప్పి ఉంటుంది. మాటిచ్చాను కనుక అడగను. కానీ ఆమె ఉన్న చోట కాఫీ కాయొద్దని నియమమేం లేదు కదా. పక్కవాటాలో ఉండే బ్యాంకు కుర్రదంపతులకు బదిలీ అయింది. సామాను తగ్గించుకుంటూ చిన్న ఎస్ప్రెసో యంత్రాన్ని చవగ్గా ఇచ్చేశారు. ఫిల్టరు కాఫీలా నీళ్లు నిదానంగా దిగవు ఇందులో. మెత్తటి పొడిని గట్టిగా అదిమితే, వేడి నీళ్లు ఒత్తిడితో దూసుకొచ్చి గుక్కెడు చిక్కటి కాఫీ దింపుతాయి. వాసనంతా ఆ గుక్కెడులోనే ఉంటుంది.

దీనికోసం ప్రత్యేకంగా అమ్మే గ్రైండరు ఖరీదు యంత్రం కంటే ఎక్కువ. కాబట్టి మిక్సీయే గతి. మిక్సీ పొడి సగం రవ్వ, సగం దుమ్ము. ఆ పొడిని పిండి జల్లెడలో జల్లించాను. అదమడానికి అడుగు చదునుగా ఉన్న ఇత్తడి గ్లాసు దొరికింది. మొదట్లో కాఫీ కుళాయి నీళ్లలా కారిపోయింది. పొడి మెత్తన చేస్తే చుక్క దిగకుండా యంత్రం మూలిగింది. ఒకసారికి ఒక్కటే మార్చడం, ఫలితం చూడటం నా ఉద్యోగం నేర్పిన పద్ధతి. పొడి మార్చిన రోజు అదుము మార్చను, అదుము మార్చిన రోజు పొడి జోలికి పోను. కొట్టువాడు గింజలే కావాలంటే వింతగా చూశాడు. "పొడి కొట్టించుకోరా అండీ?" అన్నాడు.

ఆమె రోజూ ఒక గుక్క తాగేది. "చేదు" అనేది. అంతకుమించి ఏమీ అనేది కాదు. నేనూ అడిగేవాణ్ణి కాదు. చేతులు కడుక్కుని, యంత్రం తుడిచి, మళ్లీ రేపు అనుకునేవాణ్ణి.

ఆ ఆదివారం మరదలు, తోడల్లుడు వచ్చారు. ఈ ఊళ్లోనే ఉంటారు. ఆయన మిర్చి యార్డులో గుమాస్తాగా చేసి దిగిపోయాడు. నేను కాఫీకి వాడే చిన్న జారు బ్లేడు విరిగితే రిపేరుకిచ్చాను. మిగిలింది కారం పట్టే జారు. సబ్బుతో తోమి, ఎండలో పెట్టి, వాసన చూశాను. ఏమీ లేదనిపించింది. ఈ కాలంలో గుంటూరు గాలే ఘాటు. లారీల మీద మిరపకాయలు పోతూనే ఉంటాయి, దండెం మీద ఆరేసిన తువ్వాలు కూడా ముక్కులు మండిస్తుంది. ఈ ఊరి ముక్కుకి కారం వాసన కింద లెక్క కాదు. మూత లోపలి రబ్బరు చుట్టులో కారం ఇరుక్కుని ఉంటుందని నాకు తట్టలేదు.

ఇత్తడి గ్లాసుతో పొడి అదుముతుంటే తోడల్లుడు వెనక నిలబడ్డాడు. "ఏం అన్నయ్యగారూ, టిక్కీ తొక్కుతున్నారా?" యార్డులో మిరపకాయల బస్తాని టిక్కీ అంటారు. "కాస్త నీళ్లు చల్లండి, ఇంకో పదికిలోలు పడుతుంది."

మరదలు కప్పులోకి తొంగి చూసింది. "ఇంత యంత్రానికి ఇంత చుక్కేనా బావగారూ? తీర్థం ఇస్తున్నారా ఏంటి?"

తోడల్లుడు ఒక్క గుటకలో మింగేశాడు. మరుక్షణం దగ్గు, కళ్లలో నీళ్లు. "అమ్మో! కాఫీ అడిగితే కారం నీళ్లు పోశారేంటండీ!"

అప్పటికే నా భార్య కప్పు ముక్కు దగ్గర పెట్టుకుంది. చటుక్కున తల వెనక్కి లాక్కుంది. "కారం!" అంది.

"అక్కా!" మరదలు లేచి ఆమె భుజాలు పట్టుకుంది. "నీకు తెలిసిందే! వాసన తెలిసింది!"

ఒక్క క్షణం ఆమె ముఖం విప్పారింది. అంత వెలుతురు ఆ ముఖంలో చూసి ఎన్నాళ్లయిందో. నేను చేతిలో గ్లాసుతో అలాగే నిలబడ్డాను. మరదలికి తెలియనిది నాకు తెలుసు. నా భార్యకీ తెలుసు. కప్పు మళ్లీ ముక్కు దగ్గరికి తీసుకుంది. ఈసారి నిదానంగా పీల్చింది. కింద పెట్టేసింది.

"కాదే. మండిందంతే. ముక్కు దిబ్బడేసినవాడికి మాత్రం మిరప పొగకి తుమ్ము రాదా? కాఫీ లేదు. ఏమీ లేదు."

మరదలు కొంగుతో కళ్లొత్తుకుంది. నాకు కూర్చోవాలనిపించింది. ఆ గ్లాసు, ఆ జల్లెడ, ఆ సీసాలు అన్నీ ఒక సంచిలో వేసి ఎవరికైనా ఇచ్చేయాలనిపించింది.

చివరికి తోడల్లుడే గొంతు సవరించుకున్నాడు. "మిక్సీది తప్పేం లేదు వదినగారూ, గుంటూరు మిక్సీ కదా. అత్తగారి కాఫీమర మా అటక మీద ఉంది. దాంట్లో కాఫీ తప్ప ఇంకేదీ పడలేదు ఎప్పుడూ."

"అమ్మ మర మీ దగ్గరుందా?" నా భార్య చెల్లెలి వైపు తిరిగింది. "ఇన్నాళ్లూ చెప్పవేమే?"

"చెబితే పట్టుకుపోతావుగా" అంది మరదలు, ముక్కు తుడుచుకుంటూ. ఇద్దరూ కొద్దిగా నవ్వారు.

మర్నాడు పొద్దున్నే ఆయన మరని గోనెగుడ్డలో చుట్టి స్కూటరు మీద తెచ్చాడు. తుప్పు తుడిచి, ముందు గుప్పెడు బియ్యం ఆడించి పారేశాం. బల్ల అంచుకి బిగించాను. రెండు చుట్లు తిప్పేసరికి ఆమె నా చెయ్యి పక్కకి నెట్టింది. "మీకు తిప్పడం రాదు. ఇటు జరగండి."

ఆమె తిప్పింది. కరకరమని గింజలు నలిగాయి. కొంతసేపటికి చెయ్యి ఆగిపోయింది. ముఖం చిట్లించింది. నేను అడగలేదు. మర కింది సొరుగు లాగి ముక్కు దగ్గర పెట్టుకుని, అంతలోనే దూరం జరిపింది.

"ఛీ! ఇదేం కంపండీ? రబ్బరు కాలినట్టు!"

తోడల్లుడు సొరుగు అందుకున్నాడు. "కమ్మగా ఉందే వదినగారూ!"

నేనూ చూశాను. మంచి కాఫీ. తప్పేమీ లేదు. ఆమె మళ్లీ పీల్చింది, మళ్లీ కంపే. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నా వంక చూసింది. పాడు కంపు తగలొచ్చన్న డాక్టరు మాట ఇద్దరికీ గుర్తొచ్చింది.

"ఆ యంత్రాన్ని వెనక వరండాలోకి మార్చేయండి" అంది. "నా ఎదుట కాఫీ కాయడానికి వీల్లేదు."

యంత్రం మోసుకెళ్లాను. బరువుగానే ఉంది. వరండాలో ప్లగ్గు పెట్టి, పొడి అదిమి, కప్పు పెట్టాను. ఇన్నాళ్లకి మొదటిసారి తేనె రంగు నురగ కట్టి నిలిచింది. ఇది తాగాల్సిన మనిషి ముక్కు మూసుకుని లోపల కూర్చుంది. నిలబడే తాగాను.

"ఏవండీ! తలుపు వేయండి, కంపు వంటింట్లోకి వస్తోంది!" లోపలి నుంచి కేక.

వేశాను. కాస్త ఆలస్యంగా.