ఇరవై పైసల నాణేల మీద నేనిచ్చిన ధ్రువపత్రం

2013 వానాకాలంలో నన్ను బోథ్ దగ్గరి ఒక బ్యాంకు శాఖకు మేనేజరుగా వేశారు. అక్కడ జరిగిన ఒక కేసులో నా సాక్ష్యం వల్లే ఒక మనిషి నిర్దోషిగా బయటపడ్డాడని ఆ చుట్టుపక్కల ఇప్పటికీ కొందరు అంటారు. అది తప్పు. అతను జైలుకు పోవడానికి ఆధారం నా సంతకమే.

అతని పేరు భీంరావు. ఇత్తడి పోత పనివాడు. తేనెమైనంతో ఆకారం చేసి, మట్టి పూసి కాలుస్తాడు. మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తాడు. ఇత్తడి తెచ్చుకోవాల్సింది పని చేయించుకునేవాళ్లే, అతనిది కూలి మాత్రమే. ఎడ్లను పూజించే పొలాల పండుగ ముందర ఒక రైతు ఎడ్ల మెడ గంటలకని తన తల్లి దాచిన ఇరవై పైసల నాణేలు తెచ్చిచ్చాడు. తామరపువ్వు గుర్తున్న పాత ఇత్తడి బిళ్లలవి. వాటిలో కొన్ని కొలిమి మీద ఉండగా ఎవరో పోలీసులకు ఫోన్ చేశారు. వాళ్లు వచ్చి భీంరావును, మిగిలిన నాణేలను పట్టుకుపోయారు.

2011 నాణేల చట్టం ప్రకారం నాణెం కరిగించడం నేరం. ఏడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. మరునాడు స్టేషన్ నుంచి ఉత్తరం వచ్చింది: జతపరచినవి భారత ప్రభుత్వ నాణేలా, కాదా? వాటి ముఖ విలువ ఎంత? ఈ రెండు ప్రశ్నలకు ధ్రువపత్రం ఇవ్వాలి.

మా హెడ్ క్యాషియర్ రఫీక్ సాబ్ వాటిని బల్ల మీద పోసి చూశాడు. "అసలైనయే సార్. కాని వీటిని బస్సు కండక్టర్ గూడ ముట్టడు. బిచ్చగానికేస్తె మన మొఖాననే కొడ్తడు. చెల్లవని జర ఒక లైను రాయుండ్రి" అన్నాడు.

రాయాల్సిన లైను నాకు తెలుసు. పావలా, అంతకంటే తక్కువ నాణేలు 2011 జూన్ ఆఖరుకే చలామణి నుంచి పోయాయి. చట్టం మొదట్లోనే నిర్వచనం ఉంది: నాణెం అంటే చెల్లుబాటులో ఉన్నది. చెల్లనిది ఆ చట్టం లెక్కలో నాణెమే కాదు, కరిగిస్తే నేరమూ కాదు. కానీ అడిగినదానికే జవాబు రాయాలి, అడగనిది రాస్తే సంజాయిషీ ఇచ్చుకోవాలి అన్న పద్ధతిలో పెరిగినవాణ్ణి. అవి ప్రభుత్వ నాణేలేననీ, ముఖ విలువ ఇరవై పైసలనీ రాసి, ముద్ర వేసి పంపాను. ఆ కాగితం రిమాండ్ రిపోర్టుకు జతపడింది.

వారానికి అతని భార్య సోంబాయి బ్యాంకుకు వచ్చింది. కొంగు ముడి విప్పి అలాంటి బిళ్లే ఒకటి నా ముందు పెట్టింది.

"సారూ, గిది తీస్కోని నాకు చిల్లరియ్యి."

అది చెల్లదన్నాను.

"నీ బ్యాంకుల చెల్లనిది ఠాణాల ఎట్ల చెల్లుతది? గదే ముక్క రాసియ్యి. మా ఆయన ఇంటికొస్తడు."

స్టేషన్ నుంచి మళ్లీ ఉత్తరం వస్తే తప్ప నేను రాయకూడదని చెప్పాను.

"ఆళ్లడగరు, నువ్వు రాయవు. మరి నేనెవల్ని అడగాలె?"

నేను ఫైలు తెరిచి అందులోకి చూస్తూ కూర్చున్నాను. ఆమె ఇంకో రెండుసార్లు వచ్చింది. మూడోసారి ఆమెను లోపలికి పంపవద్దని నేనే చెప్పాను. అందుకు రఫీక్ సాబ్ చాలా రోజులు నాతో మాట్లాడలేదు.

నలభై ఒక్క రోజులకు బెయిల్ వచ్చింది. కేసు రెండేళ్లకు పైగా నడిచింది. నన్ను సాక్షిగా పిలిచినప్పుడు భీంరావు తరఫు లాయరు అడిగినవి రెండే ప్రశ్నలు. ఈ నాణేలు మీ బ్యాంకు తీసుకుంటుందా అన్నారు. తీసుకోదన్నాను. ఎప్పటినుంచి అన్నారు. చెప్పాను. కేసు కొట్టేశారు. ఆ నాలుగు మాటలకే నాకు మంచి పేరు వచ్చింది. వరండాలో సోంబాయి నన్ను ఒకసారి చూసి, మొహం తిప్పుకుని పోయింది.

బదిలీ మీద వెళ్లేముందు ఒక జిన్నింగ్ మిల్లులో పత్తి బోరాలు మోస్తూ భీంరావు కనిపించాడు. మళ్లీ పోత పోస్తున్నావా అని అడిగాను.

"ఎవలు తెస్తరు సారూ ఇత్తడి? పోలీసులొచ్చిన కొలిమికి మనుషులొస్తరా? పనిముట్లన్నీ అమ్ముకున్న, వకీలు ఫీజుకు."

నా మీద కోపం ఉందా అన్నాను. అది అడగవలసిన మాట కాదు.

"మా ఆమెకున్నది. నాకు గా ఓపిక గూడ లేదు సారూ. జర పక్కకు జరుగుండ్రి, బోరా తాకుతది."

ఆ చుట్టుపక్కల పోత పనివాడు అతనొక్కడే. గంటలు కావాల్సినవాళ్లు తర్వాత బజారులో రేకు గంటలు కొనుక్కున్నారు.

నిర్వచనం నేను చదవలేదని చెప్పుకోవడానికి లేదు, చదివే సంతకం పెట్టాను. నేను రాసిన రెండు వాక్యాల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అయినా ఆ ధ్రువపత్రం అబద్ధమే. తర్వాత ఉద్యోగం చేసిన ఆరేళ్లలో ఏ ఉత్తరానికైనా, అడగకపోయినా తెలియవలసింది కింద ఒక వాక్యంగా రాశాను. ఒక్కరూ సంజాయిషీ అడగలేదు.