అది ఓడ కూత కాదు

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఒక పావుగంట తోడి రాగం. నవ్వకండి. ఏ పాట విందామని ఫోను తీసినా ముందు అదే గుర్తొస్తుంది. ఆ గొంతు నన్ను అడగవలసింది అడగకుండా, తన పాటికి తను పాడుకుంటూ పోతుంది. ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా చెప్పలేదు. ఆయనకి తోడి అంటే నూతిలో నీళ్ళు తోడటమే.

ముందు మా గ్రూపు సంగతి చెప్పాలి. చెప్పాలంటేనే ఒళ్ళు మండుతుంది. రాజమండ్రిలో రిటైరైన లెక్చరరు గారొకాయన కర్ణాటక సంగీతం ఇష్టపడేవాళ్ళ కోసం వాట్సాప్ గ్రూపు పెట్టారు. అడ్మిన్ ఆయనే. తలా ఒక పాత రికార్డింగు పెట్టడం, దాని మీద రోజంతా కొట్టుకోవడం. కచేరీ ఏ ఊళ్ళో జరిగింది, మృదంగం ఎవరిది, టేపు ఏ శ్రుతిలో ఉంది. పాట ఎలా ఉందో మాత్రం ఒక్కరూ చెప్పరు. అందరికన్నా ముందుంటారు భీమవరం రాజు గారు. రొయ్యల మేత వ్యాపారం ఆయనది. మంచి మనిషే, చెవి కూడా ఉంది, కానీ ‘తెలియదు’ అన్న మాట ఆయన నోట రాదు. నా నోటా రాదు, అది వేరే సంగతి. అందుకే మా ఇద్దరికీ రోజూ తగువే.

ఒకసారి నా పాటే పెట్టాను. పెళ్ళికి ముందు నిడదవోలులో పాడి, క్యాసెట్టులో పట్టుకున్నది. ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. ఒకటే. ఆ వెనకే అడ్మిన్ గారి సందేశం వచ్చింది, మన ఊళ్ళవాళ్ళు సరదాగా పాడుకున్నవి దయచేసి పెట్టవద్దు, గ్రూపు స్థాయి పడిపోతుంది అని. నా పేరు ఎత్తలేదు. ఎత్తి ఉంటే పోట్లాడేదాన్ని.

ఆ కోపంలో అదే క్యాసెట్టు తిప్పి రెండోవైపు వేశాను. ఫోనులోకి ఎక్కించి, కింద ‘పాత రికార్డింగు, ఎవరు పాడారో తెలియదు’ అని రాసి పంపాను. తెలియకపోవడం ఏంటి, నాకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? పాడింది సత్యవతి. నాతో పాటు ఒకే మాస్టారి దగ్గర నేర్చుకున్న సత్యవతి. రైల్వేస్టేషను వెనక వీధిలో వాళ్ళింట్లో, నా టేపురికార్డరు ముందు కూర్చుని పాడింది. వీళ్ళందరినీ పొగడనిచ్చి, ఆ తర్వాత పాడింది నిడదవోలు అమ్మాయని చెప్పి నోళ్ళు మూయిద్దామనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

పొగిడారు. అలా ఇలా కాదు. అందులో గాంధారం అనే స్వరం పలికిన తీరు మీదే రాజు గారు రెండు రోజులు రాశారు. అలాంటి గమకం పాతతరం వాళ్ళకి తప్ప రాదన్నారు. మద్రాసులో ఎప్పుడో పోయిన ఒక గొప్ప గాయని పేరు చెప్పి, ఆవిడ కాక ఇంకెవరని తేల్చేశారు. రాగం మధ్యలో ఒకచోట దూరంగా, పొడుగ్గా ఒక కూత వినిపిస్తుంది. అది హార్బరులో ఓడ కూతట. అంచేత అది హార్బరు దగ్గర సభలో జరిగిన కచేరీయేనట. అడ్మిన్ గారు సంతోషం పట్టలేక దానికి ‘ఓడ తోడి’ అని పేరు పెట్టారు. ఆ పేరుతోనే ఫోన్లన్నీ తిరిగింది.

అప్పుడు చెప్పాలి నేను. ఎందుకు చెప్పలేదు? వాళ్ళ తెలివితక్కువతనం చూసి నవ్వుకుంటున్నానని కొన్నాళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. ఒకే క్యాసెట్టు, ఒకే మధ్యాహ్నం, ఒకే శ్రుతిపెట్టె. ఒకవైపుకి బొటనవేలు, రెండోవైపుకి దండాలు. ఆ దండాలు సత్యవతికి చేరితే నేనేమైపోవాలి? చనిపోయినావిడకి చేరితే నాకేం బాధ లేదు. ఆవిడతో నాకు పోటీ ఏముంది?

దీనికన్నా పాతది ఇంకొకటుంది. అసలుది అదే. రేడియోలో పాడటానికి ఆడిషనుకి వెళ్దామని ఇద్దరం అనుకుని, ముందు మా గొంతులు మేమే విని చూసుకుందామని ఆ రోజు పాడాం. క్యాసెట్టు నేను ఇంటికి తీసుకెళ్ళి రెండువైపులా విన్నాను. విన్నాక రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. నాది ఎలా వచ్చిందే అని సత్యవతి అడిగితే, నీ వైపు టేపు చిక్కుకుని నలిగిపోయింది అన్నాను. అక్కడితో ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. నలిగేలోపు విన్నంతలో చెప్తున్నా, నీది మైకుకి పనికొచ్చే గొంతు కాదే అన్నాను. తను ఆడిషనుకి రాలేదు. నేను వెళ్ళాను, నన్ను తీసుకోలేదు. ఆ తర్వాత సత్యవతి పాడగా ఎవరూ వినలేదు. అదే ఊళ్ళో పెళ్ళి చేసుకుని, పిల్లలకి లెక్కల ట్యూషన్లు చెప్పుకుంటూ ఉండిపోయింది.

ఓడ తోడి అందరి ఫోన్లూ తిరిగి తిరిగి, తన ఆడపడుచు ద్వారా సత్యవతి దగ్గరికే చేరింది. విన్న వెంటనే నాకు ఫోను చేసింది.

“ఏమే, ఓడ తోడి అంట, విన్నావా?”

“విన్నాలే.”

“ఎవరే తల్లీ ఆవిడ? ఆ గాంధారం అచ్చం మన మాస్టారు చెప్పినట్టే ఉంది. అప్పట్లో నువ్వన్న మాట ఎంత నిజమో ఇప్పుడు తెలిసిందే. మైకు గొంతంటే అదీ.”

నేను ఫోను ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను.

“కానీ ఒకటి చెప్పనా? అది ఓడ కాదే, గూడ్సు. సిగ్నల్ దగ్గర ఆగి కదిలేటప్పుడు అలాగే కూస్తుంది. పుట్టిన దగ్గర్నుంచీ స్టేషను వెనక ఉన్నదాన్ని, నాకు తెలీదా?”

“మద్రాసులో గూడ్సులుండవేంటి?” అన్నాను.

“అదీ నిజమేలే,” అంది సత్యవతి. నవ్వింది కూడా.

గూడ్సుని గుర్తుపట్టింది. తనని గుర్తుపట్టలేదు. ఎలా పడుతుంది? రాగం అప్పటికప్పుడు పుట్టేది, పాడినవాళ్ళకి గుర్తుండదు. టేపులో తన గొంతు తనెప్పుడూ వినలేదు, విననివ్వనిది నేనే. పైగా ఫోనులోకి ఎక్కించడానికి నేను వాడిన ప్లేయరు అప్పటి టేపురికార్డరు కాదు, దాని మోటారు కాస్త జోరుగా తిరిగేది. ఐదు శ్రుతిలో పాడిన పాట ఐదున్నర దాటిపోయి, గొంతు సన్నబడి, ఇంకెవరిదోలా అయింది. ఎక్కించేటప్పుడే నాకా సంగతి తెలుసు. సరిచేయలేదు. శ్రుతుల గురించి పొద్దస్తమానం కొట్టుకునే ఆ మహానుభావుల్లో ఒక్కరికీ తట్టలేదు. చూశారా, ఇక్కడిదాకా వచ్చి కూడా మళ్ళీ వాళ్ళ మీదకే పోతున్నాను. వాళ్ళని తిట్టినంతసేపూ నాకు కాస్త హాయిగా ఉంటుంది.

ఆ ఫోను వచ్చి కూడా ఏళ్ళయింది. ఆ ‘అదీ నిజమేలే’ మాత్రం నన్ను వదల్లేదు. నేను ఏం చెప్తే అది నిజమైపోతుంది తనకి. ఊరందరితో వాదించి గెలిచినప్పుడు రాని సిగ్గు, వాదించకుండా ఒప్పేసుకున్న ఒక్క మనిషి దగ్గర వచ్చింది.

ఇవాళ పొద్దున వంకాయ కూర పొయ్యి మీద పెట్టి, ఆ రికార్డింగుని ఫోనులోనే ఐదు శ్రుతికి దించాను. దించి వింటే సత్యవతి వచ్చి వంటింట్లో పీట వేసుకు కూర్చున్నట్టే ఉంది. కూర మాడిపోయింది. గ్రూపులో మళ్ళీ పెట్టి, పాడింది ఎవరో, ఎక్కడ పాడిందో, ఆ కూత దేనిదో, ఇన్నాళ్ళూ దాచింది ఎవరో రాశాను. ఆధారం ఏమైనా ఉందాండి అన్నారు అడ్మిన్ గారు. ఇంట్లో ట్యూషన్లు చెప్పుకునేవారు ఇలా పాడటం జరిగే పని కాదండి, మీరు పొరబడుంటారు మేడమ్ అన్నారు రాజు గారు. ఇన్నేళ్ళు అబద్ధం చెప్తే నమ్మారు. ఇప్పుడు నా తప్పు నేను ఒప్పుకుంటే సాక్ష్యం అడుగుతున్నారు. ఏం మనుషులో.

సత్యవతికి కూడా పంపాను. ‘ఇది నువ్వే. ఆ రోజు టేపు నలగలేదు’ అని మాత్రం రాశాను. క్షమించమని రాయలేదు. రాస్తే తను ఏదో ఒకటి అనాలి, తన సంగతి నాకు తెలుసు, పోనీలే అనేస్తుంది. ఆ మాట అడిగే మొహం నాకు లేదు. నీలం టిక్కులు ఎప్పుడో పడ్డాయి. పొద్దు వాలుతోంది, ఫోను మోగలేదు. మోగాలని నేను అనుకోకూడదు.

గ్రూపులో ఇంకా ఓడ గురించే కొట్టుకుంటున్నారు. నేను జవాబివ్వడం మానేశాను, నా జన్మలో ఇదే మొదటిసారి. వాళ్ళు నమ్మకపోతే పోనీ, మీరు వినండి. అది గూడ్సు. పాడింది సత్యవతి.